అవ్వకు మనాది పట్టిన వానకాలం

పోయిన నెల మా చెల్లె నన్ను దవాఖానకు తీసుకుపోయింది. నేను వస్తానన్నదీ లేదు, రానన్నదీ లేదు. ఆటో ఎక్కమంది, ఎక్కాను. చీటీ రాయించి బల్ల మీద కూర్చోమంది, కూర్చున్నాను. లోపల డాక్టరు ముప్పై ఏళ్లు కూడా నిండని పిల్లవాడు. ఈ వైపు మనిషి కాదని రెండు మాటల్లోనే తెలిసిపోయింది.

"ఏంటమ్మా, ఏం ఇబ్బంది?" అని నన్నే అడిగాడు. నేను నోరు తెరిచేలోగా చెల్లె అందుకుంది.

"మా అక్కకు మనాది వట్టింది సారూ. బావ పోయి నాల్గు నెలలాయె. తినది, మాట్లాడది. ఏమన్న అడిగితె ఊఁ అంటది, గంతే."

"ఏం పట్టిందన్నారు?"

"మనాది."

డాక్టరు కలం ఆపాడు. "అంటే?"

చెల్లె ఇరకాటంలో పడింది. "అంటె బాధ" అంది. అని, తన మాట తనే ఒప్పుకోలేదు. "బాధ గాదు సారూ. బాధయితె ఏడుస్తరు గద, ఈమె ఏడ్సుడు గుడ లేదు. రంది అనుకోరాదున్రి. ఊహుఁ, రంది గుడ గాదు. వాన పడలేదనో, పిల్లకు సంబంధం కుదురలేదనో ఉంటది రంది. గిది గట్ల గాదు." ఇంత చెప్పి, ఇక నువ్వు చెప్పు అన్నట్టు నా వైపు చూసింది. రోగం నాదే, దాని పేరుకు అర్థం చెప్పాల్సిందీ నేనే. మామూలుగా అయితే నాకు నవ్వు వచ్చేది. రాలేదు.

డాక్టరు మంచివాడే. బీపీ చూశాడు, కళ్లు చూశాడు, ఇంగ్లీషులో ఏదో రాసి గోళీలు ఇచ్చాడు. లేచి వస్తుంటే, "ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందమ్మా?" అన్నాడు. మాట వరసకు కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. "చూసి చెప్త బాబూ" అన్నాను. నాలుగు నెలల్లో నేను ఒకరికి ఇచ్చిన మాట అదొక్కటే.

ఇంటికి వచ్చి మా ఆయన నిఘంటువు తీశాను. ఆయన బడిపంతులు. అట్ట ఊడిపోయిన ఆ పుస్తకానికి ఖాకీ కాగితం తొడిగి, ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. అందులో మనాది అన్న మాట మా ఊరి రూపంలో లేదు. మనేద అని ఉంది, దాని పక్కన మనోవ్యాధి అని ఉంది. మనసుకు వచ్చే రోగం. అంత పెద్ద మాటను మా వాళ్లు నోళ్లలో వేసుకుని నలిపి నలిపి మూడక్షరాలకు తెచ్చుకున్నారు. డాక్టరు ఇంగ్లీషులో రాసిందీ, మా చెల్లె తెలుగులో చెప్పిందీ ఒకటే అన్నమాట.

వంటింట్లోంచి చెల్లె అడిగింది, "దొరికిందా అక్కా? గా మాట యాడికెల్లి వచ్చిందట?"

పుస్తకంలో ఉన్నది చెప్పాను. చెప్తుంటే తెలిసింది, నాకు ఇది కొత్త సంగతి కాదని. పదేళ్ల వయసులోనే నాకు ఈ మాట అర్థమూ తెలుసు, పుట్టుకా తెలుసు. తెలిసి, మందు కోసం సీసా పట్టుకుని పోయాను కూడా. చెల్లె అప్పటికింకా పుట్టలేదు.

*

మాది సిద్దిపేటలో మగ్గాల వాడ. ఇప్పుడు ఆ గల్లీలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణాలు, జిరాక్సులు, ఒక బ్యూటీ పార్లరు ఉన్నాయి. అప్పుడు ఇరవై ఇండ్లుంటే పద్దెనిమిదింట మగ్గం ఆడేది. తెల్లవారగానే మొదలయ్యే ఆ చప్పుడు మాకు వినపడేది కాదు. ఆగితేనే వినపడేది. ఒక ఇంట్లో మగ్గం ఆగిందంటే ఎవరో అన్నానికి లేచారన్నమాట. పొద్దు వాలేదాకా ఆగే ఉందంటే, ఏమైందోనని పక్కింటివాళ్లు తొంగి చూసేవాళ్లు.

వాడంతా పులిసిన గంజి వాసన. మా జుట్టుకూ బట్టలకూ అదే వాసన. బడిలో ఒక పిల్ల నా పక్కన కూర్చున్నప్పుడల్లా ముక్కు మూసుకునేది. ఒకరోజు దాని సంచిలో చచ్చిన బల్లిని వేశాను. సాయంత్రం వాళ్లమ్మ మా ఇంటి మీదికి వచ్చింది. మా అమ్మ, మేం అవ్వ అంటాం, మొదట నా వీపు మీద రెండు అంటించింది. తర్వాత ఆమె వైపు తిరిగి, "నా బిడ్డను కొట్టుడు నా పని, కొట్టిన. నీ బిడ్డ చెయ్యి ముక్కు కాడికి పోకుండ జూసుడు నీ పని. పోయి జూసుకో" అంది. అవ్వ అట్లాంటిది. ఆమె నోటికి వాడలో మగవాళ్లు కూడా పక్కకు తప్పుకునేవాళ్లు.

ఆ నోరు ఎంత దురుసో ఆ వేళ్లు అంత మెత్తన. అవ్వ అతికే మనిషి. అదేమిటో చెప్పాలి, ఇప్పుడు ఆ పని చూసినవాళ్లు తక్కువ. మగ్గం మీద నిలువుగా ఉండే దారాలు పడుగు. నేసి నేసి పడుగు అయిపోవచ్చినప్పుడు మొత్తం తీసేయరు. పోగులు దూరే దువ్వెన లాంటి అచ్చులోనే జానెడు దారం వదిలేస్తారు. కొత్త పడుగు వచ్చాక, దాని ఒక్కో కొసను ఆ పాత దారపు కొసతో కలిపి, వేళ్లకు బూడిద అద్దుకుని మెలిపెడతారు. ముడి కాదు, మెలిక. అట్లా వేల పోగులు. ఒక్కటి తప్పితే దాని తర్వాతవన్నీ ఒక పోగు పక్కకు జరుగుతాయి. ఈ చివర తప్పు చేస్తే ఆ చివర బయటపడుతుంది, ఎర్ర అంచు పోగు తెల్ల పోగుకు పోయి తగులుకుంటుంది. అవ్వ అతికితే తప్పు పోయేది కాదు. వాడలో ఎవరింట పడుగు మారినా ఆమే పోవాలి.

పిలిచే పద్ధతి కూడా ఒకటుండేది. నోటితో పిలిచేవాళ్లు కాదు. పిడకల బూడిదను పలుచటి గుడ్డలో జల్లించి, చిన్న గిన్నెలో పోసి, ఆడపిల్లతో పంపేవాళ్లు. ఆ పిల్ల గిన్నెను గడప మీద పెట్టి పోయేది. గిన్నె వచ్చిందంటే రేపు పొద్దున రమ్మని. మా గడప మీద వారానికి రెండు గిన్నెలన్నా ఉండేవి. అవ్వ వాటిని చూసి, "పీనుగులకు నేను దప్ప దిక్కు లేదు" అని తిట్టుకుంటూ మురిసిపోయేది.

ఆ వానకాలం మా తమ్ముడు పోయాడు. రెండేళ్లవాడు. మా నాయన, బాపు అనేవాళ్లం, మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తుంటే వాడు గుంత ఒడ్డున కూర్చుని ఖాళీ కండెలను వరసగా పేర్చేవాడు. పడుగు మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే, దారం చుట్టుకునే చిన్న వెదురు ముక్కలే కండెలు. పేర్చి, కాలితో తన్ని, నవ్వి, మళ్లీ పేర్చేవాడు. మూడు రోజుల జ్వరం. దాని గురించి నాకు గుర్తున్నది కొంచెం, ఆ కొంచెం ఇక్కడ చెప్పను.

పదకొండు రోజులు అయ్యాయి. వచ్చినవాళ్లు పోయారు. బాపు గుంతలోకి దిగి నేత మొదలుపెట్టాడు. అవ్వ మాత్రం వెనక అర్రలో గోడవైపు తిరిగి కూర్చుంది. అక్కడే. పొద్దున అక్కడే, మాపటికి అక్కడే. ఏడవలేదు. తిట్టలేదు. నేను కావాలని రాట్నం మీద దారం తెంపాను, చూడలేదు. పాలగిన్నె పిల్లికి వదిలేశాను, చూడలేదు. కొంగున మాత్రం ఏదో కట్టుకుని ఉండేది, దాన్ని వేళ్లతో తడుముతూ ఉండేది. ఒకసారి నిద్రలో ఉన్నప్పుడు విప్పి చూశాను. ఖాళీ కండె.

*

మనాది అన్న మాట మొదట అన్నది మా బాపమ్మ, బాపు తల్లి. రొట్టె తీసుకుపోయి అవ్వ ముందు పెట్టి, గంట తర్వాత ఆ రొట్టెను అట్లనే వెనక్కి తెచ్చి, "కోడలు పిల్లకు మనాది వట్టింది" అంది. పట్టింది అన్న మాట ఆమె ఎట్లా అందో నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. జ్వరం పట్టింది, దయ్యం పట్టింది అన్నట్టు కాదు. చేపను వల పట్టింది అన్నట్టు.

"మనాదంటె ఏంది బాపమ్మా?"

"మనాదంటె మనాదే. మనిషి ఉంటది, మనిషి ఉండది."

ఆ జవాబు నాకు చాలలేదు. మా ఇంటి అరుగు మీద పొద్దుగూకేటప్పుడు కూర్చునేవాళ్లను అడిగాను. కల్లు కుండ దించుకుని కూర్చునే గౌడు తాత తడుముకోకుండా చెప్పాడు, "మన ఆది. మనిషి పుట్టినప్పటి సంది మనతోనే ఉన్నది బిడ్డా, అందుకే గా పేరు." వినడానికి బాగుంది. కాని ఆయన పక్కనే మా బడి సారు కూర్చుని ఉన్నాడు. ఆయన నవ్వాడు. "నీ తలకాయ. అది మనోవ్యాధి. మనసు, వ్యాధి. వ్యాధి అంటే ఏమిటే?" అని నన్నే అడిగాడు, బడిలో అడిగినట్టు.

"రోగం సార్."

"అంతే. మనోవ్యాధి, మనోవ్యాధి అని వందసార్లు అను. మనాది అయిపోతది."

ఇంకొక ముసలాయన ఎప్పుడో నంగునూరు దగ్గర తమ చుట్టం ఒకామె మనాదితోనే చిక్కి చిక్కి, ఆరు నెలల్లో పోయిందని చెప్పాడు. నేను ఉన్నానని మరిచిపోయి చెప్పాడు. చెప్పాక బాపమ్మ ఆయన వైపు చూసిన చూపుతో లేచి ఇంటికి పోయాడు.

నాకు కావలసినవి రెండు ముక్కలు దొరికాయి. ఒకటి, మనాది రోగం. రెండు, దానితో చచ్చిపోతారు. రోగానికి మందు ఉంటుంది. ఇంత చిన్న సంగతి ఈ పెద్దవాళ్లకు ఎందుకు తట్టలేదో నాకు అర్థం కాలేదు. మరునాడు బడి ఎగ్గొట్టి, ఖాళీ సీసా కడుక్కుని, బజారులో సూదులు వేసే కాంపౌండరు దగ్గరికి పోయాను.

"ఎవరికి?" అన్నాడు.

"మా అవ్వకు."

"ఏమయింది?"

"మనాది."

ఆయన నన్ను కాసేపు చూశాడు. మా ఇంట్లో ఏం జరిగిందో ఆయనకు తెలుసు. తమ్ముడికి చివరి సూది వేసింది ఆయనే. సీసా తీసుకుని లోపలికి పోయి, గులాబీ రంగు నీళ్లు పోసి, కాగితం ముక్కను గాట్లు గాట్లుగా కత్తిరించి సీసాకు అంటించి ఇచ్చాడు. "పూటకొక గాటు" అన్నాడు.

ఆ మందును గ్లాసులో పోసి అవ్వ ముందు పెట్టాను. ఇప్పుడు అడుగుతుంది, ఎక్కడిది, ఎవరిచ్చారు, బడి ఎగ్గొట్టినవా అని వీపు చిట్లగొడుతుంది అనుకున్నాను. నిజం చెప్పాలంటే మందు కన్నా దానికోసమే ఎక్కువ ఆశపడ్డాను. అవ్వ గ్లాసు అందుకుంది. తాగింది. ఖాళీ గ్లాసు నా చేతికిచ్చి గోడవైపు తిరిగింది.

ఆ రోజు నాకు భయం పట్టింది. అప్పటిదాకా అవ్వ బాధలో ఉందనుకున్నాను. ఏమిచ్చినా, ఎవరిచ్చినా తాగేసే మనిషి మా అవ్వ కాదు. నంగునూరు చుట్టమామె గుర్తుకొచ్చి, పెరట్లో బీరపాదు చాటున కూర్చుని ఏడ్చాను. సీసా మట్టిలో పాతిపెట్టాను.

*

వానలు తెరిపిచ్చాయి. వాడలో గంజి పెట్టే పని మళ్లీ మొదలయింది. పొద్దున్నే వీధి పొడుగునా పడుగులు సాగదీసి, ఆ పక్కన నలుగురు ఈ పక్కన నలుగురు కుంచెలతో గంజి దువ్వేవాళ్లు. పడుగులు మారుతున్నాయి. అతకాల్సిన ఇండ్లు ఉన్నాయి. మా గడప మీద మాత్రం ఒక్క గిన్నె లేదు.

ఎవరికీ పగ లేదు. పైగా అందరికీ జాలి. పిల్లవాణ్ణి మట్టిలో పెట్టి వచ్చిన గడప మీద బూడిద ఎట్లా పెడతారు? ఏ తల్లి తన ఆడపిల్ల చేతికి ఆ గిన్నె ఇచ్చి మా ఇంటికి పంపుతుంది? పొమ్మన్నా ఏ పిల్ల పోతుంది? కడుపుకోతలో ఉన్న మనిషి, ఆమెను పనికి పిలవడమేంటి అని ఒకళ్లు. ఆమె లేచి తిరిగినాక పిలుద్దాం అని ఒకళ్లు. అవ్వ లేవదు, వాళ్లు పిలవరు. అంతా మర్యాదే. ఆ మర్యాదతో మా అవ్వను నిలువునా పూడ్చిపెడుతున్నామని ఎవరికీ తోచలేదు. వాళ్లింటికి వీళ్లు, వీళ్లింటికి వాళ్లు వచ్చీరాని అతుకులు అతుక్కుని, తప్పులు పోయి, మళ్లీ విప్పుకుంటున్నారు.

ఇంతలో మా మగ్గం మీదే పడుగు అయిపోయింది. కొత్త పడుగు వచ్చింది. బాపు మాట్లాడని మనిషి. రెండు రోజులు మగ్గం ఆపి ఊరకే కూర్చున్నాడు. మూడో రోజు బాపమ్మతో, "కొండపాక వదినెను రమ్మందామా?" అన్నాడు. కొండపాకలో మా పెద్దమ్మ, అవ్వకు సొంత అక్క. ఆమెకూ అతుకు వచ్చు. బాపమ్మ సరే అంది.

నేను తలుపు వెనక ఉండి విన్నాను. అవ్వ ఇంట్లోనే, అవ్వ మగ్గం మీదనే, అవ్వ ఉండగానే ఇంకొకరు అతుకుతారు. పదేళ్ల బుర్రకు అది ఎట్లా తోచిందంటే, అవ్వ చోటు భర్తీ అయిపోతుంది, ఇక అవ్వ అవసరం ఎవరికీ లేదు, ఇక అవ్వ పోతుంది. ఈ లెక్క ఎవరికీ చెప్పలేదు. చెప్తే తిడతారని కాదు, ఔనంటారేమోనని.

పెద్దమ్మ రావలసిన రోజు. పొద్దున బస్సుకు రాలేదు. పగటి బస్సుకు వస్తుందేమోనని బాపు బస్టాండుకు పోయాడు. బాపమ్మ పెరట్లో కూర్చుని, పిడకల బూడిద రెండుసార్లు జల్లించి గిన్నెలో పోసింది. కొత్త పడుగును మగ్గం దగ్గర పరిచి, పోగుల వరస తప్పకుండా దూర్చిన వెదురు బద్దలను సరిచేసి, గిన్నెను నా చేతిలో పెట్టింది.

"మీ పెద్దమ్మ వచ్చేదాంక గిది పట్టుకోని కూసో. నేను మక్కబుట్టలు తెస్త" అని చెప్పి, అవ్వ ఉన్న అర్ర తలుపు బార్లా తెరిచి వెళ్లిపోయింది.

అవ్వ కూర్చున్న చోటి నుంచి మగ్గం సూటిగా కనిపిస్తుంది, ఆమె తల తిప్పితే. తిప్పలేదు. నేను గిన్నెను పడుగు పక్కన పెట్టాను. తర్వాత కూర్చుని అతకడం మొదలుపెట్టాను.

అవ్వ పక్కన కూర్చుని కొసలు అందించడమే తప్ప నేను ఎన్నడూ అతకలేదు. ఎర్ర అంచు వైపు నుంచి మొదలుపెట్టాను. పాత కొస, కొత్త కొస, బూడిద, మెలిక. రెండు మెలికలు జారిపోయాయి. మళ్లీ పెట్టాను. పది అయ్యాయి, ఇరవై అయ్యాయి. చెమట పట్టి బూడిద వేళ్లకు ముద్దలు కట్టింది. ఎక్కడో ఒక కొస ఎగిరిపోయింది. నాకు తెలియలేదు. ఎర్రవి అయిపోయి తెల్లవి మొదలయ్యేచోట చూస్తే చేతిలో ఒక ఎర్ర కొస మిగిలి ఉంది, దానికి ఎదురుగా తెల్లది ఉంది. ఏం చేయాలో తెలియక ఆ రెండూ కలిపి మెలిపెట్టేశాను.

"గట్ల గాదు."

గొంతు గీరుకుపోయి ఉంది. ఎవరో అనుకున్నాను. తిరిగి చూస్తే అవ్వ తల ఇటు ఉంది.

"ఎర్రది తెల్లదానికి తగిలిస్తవా? కండ్లు నెత్తి మీద ఉన్నయా?"

నేను కదల్లేదు. నేను కదిలితే ఆమె మళ్లీ గోడవైపు తిరుగుతుందేమోనని భయం. అవ్వ నేల మీద చెయ్యి ఆనించి లేచింది. అన్ని రోజులు కూర్చున్న మనిషికి కాళ్లు సరిగా నిలవలేదు. గోడ పట్టుకుంది. వచ్చి నా పక్కన కూలబడి, నేను అతికిన చోటల్లా వేలితో తడుముకుంటూ పోయి, ఏడో పోగు దగ్గర ఆగింది.

"గిదిగో. గీడ తప్పినవ్. గీడికెల్లి అన్ని తప్పే."

తప్పిన దగ్గర నుంచి నా మెలికలన్నీ విప్పేసింది. ఒక్కొక్కటే. విప్పుతూ తిట్టింది. నన్ను తిట్టింది, నాకు గిన్నె ఇచ్చి పోయిన బాపమ్మను తిట్టింది, పగటి బస్సుకు కూడా రాని అక్కను తిట్టింది. తర్వాత బూడిద అద్దుకుని ఎడమ చెయ్యి చాపింది, కొస అందించమని. అందించాను. మళ్లీ చాపింది. అందించాను. ఒక యాభై పోగులయ్యాక చూస్తే ఆమె కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. చెయ్యి ఆగలేదు. తుడుచుకోవడానికి కూడా ఆగలేదు, తుడుచుకుంటే బూడిద కళ్లలో పడుతుంది. తమ్ముడి పేరు పట్టి ఒకసారి పిలిచింది. వాడు పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ అనలేదు. నేను కొసలు అందిస్తూనే ఏడ్చాను. నా ఏడుపు ఆమెకు వినిపించినట్టుంది, "ముక్కు చీదుకోని రా, పోగుల మీద పడుతది" అంది.

పొద్దు వాలుతుంటే బాపు, పెద్దమ్మ వచ్చారు. గడపలోనే నిలబడిపోయారు. బాపు మగ్గం వైపు చూసి, మొహం అటు తిప్పుకుని, కాళ్లు కడుక్కునే నెపంతో పెరట్లోకి పోయాడు. చాలాసేపు కాళ్లు కడుక్కున్నాడు. పెద్దమ్మ మాత్రం సంచి కింద పెట్టి, వచ్చి ఆ చివర కూర్చుని, గిన్నెలో వేళ్లు ముంచింది. నన్ను లేవమంది. బాపమ్మ తెచ్చిన మక్కబుట్టలు కుంపటి మీద కాలుతుంటే ఆ మొక్కజొన్న వాసనకు నాకు ఆకలి తెలిసింది. అవ్వ కూడా ఒకటి తిన్నది, బూడిద చేతులతోనే.

అతుకు అయ్యేసరికి మరునాటి పగలు దాటింది. లేచేముందు అవ్వ కొంగు ముడి విప్పి, ఆ ఖాళీ కండెను తీసి చేతిలో పెట్టుకుని చూసింది. తర్వాత రాట్నం పక్కనున్న గంపలో, మిగతా కండెలలో వేసింది. నేను చూస్తూనే ఉన్నాను, ఎక్కడ పడిందో గుర్తు పెట్టుకుందామని. తెల్లవారి దారం చుట్టడానికి గంప దించితే అన్నీ ఒక్కతీరే ఉన్నాయి. వాడిది ఏదో గుర్తుపట్టలేకపోయాను.

నాలుగు రోజులకు మా గడప మీద ఒక గిన్నె కనిపించింది. ఎవరు పంపారో తెలియదు, పిల్ల పెట్టి పరుగెత్తిపోయింది. అవ్వ గిన్నె చూసి, "ఇన్నొద్దులు యాడ వోయిన్రు పీనుగులు" అంది. ఈసారి మురిసిపోలేదు. కాని మరునాడు పోయింది.

*

మనాది పోయిందా అంటే, పోలేదు. ప్రతి వానకాలం రెండు మూడు రోజులు అవ్వ ఆ గోడ దగ్గరికి పోయేది. పోయి, వచ్చేది. నాకు పెండ్లయి పిల్లలు పుట్టాక ఒకసారి అడిగాను, ఎట్లా తగ్గింది అవ్వా అని. "తగ్గుతదా? గది ఒక జాగ జూసుకోని కూసున్నది. ఇల్లంత దానికి ఇయ్యద్దని మాత్రం ఎరుకైంది" అంది. బాపు పోయాక మగ్గం విప్పేశారు. గుంత పూడ్చి మీద గచ్చు చేశారు. ఇప్పుడు ఆ ఇల్లు కొనుక్కున్నవాళ్లు అక్కడ ఫ్రిజ్ పెట్టుకున్నారు. అచ్చులో జానెడు దారం వదిలి పెట్టాలన్నది తెలిసినవాళ్లు మా వాడలో ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్లకూ వేళ్లు వణుకుతున్నాయి.

బాపమ్మ సంగతి మాత్రం నాకు తేలలేదు. ఆ రోజు మక్కబుట్టలకు పోవలసిన అవసరమేమిటి? తలుపు బార్లా తెరవడమెందుకు? ఏమీ రాని పిల్ల చేతిలో గిన్నె పెట్టడమెందుకు? ఎన్నోసార్లు అడిగాను. "నాకేం ఎరుక, నువ్వే గద పిచ్చిగ అతికినవ్" అనేది. అట్లనే పోయింది, చెప్పకుండానే.

ఇదంతా మా చెల్లెకు చెప్పాను. నాలుగు నెలల్లో నేను ఇన్ని మాటలు ఎన్నడూ మాట్లాడలేదని చెప్పడం అయ్యాక తెలిసింది. అది వంటింటి గడపకు ఆనుకుని విన్నది.

"నాకు అవ్వ ఎన్నడు జెప్పలే" అంది.

"నాకు గుడ ఎక్కువ జెప్పలే. నేను చూసిన, గంతే."

అది గడప దగ్గర నుంచి లేచింది. తర్వాత లోపలికి పోయి పళ్లెంలో జొన్నపిండి పోసుకుని కూర్చుంది. నేను కుర్చీలోంచి చూస్తున్నాను. బిందెలోంచి చల్లటి నీళ్లు ముంచి పిండిలో పోసింది. పిసికింది. తట్టింది. రొట్టె అంచులు పగుళ్లు పగుళ్లుగా విచ్చుకున్నాయి. చేత్తో ఎత్తబోతే నడిమికి విరిగింది. ఆ ముక్కలు మళ్లీ ముద్ద చేసి, మళ్లీ చల్లనీళ్లే చల్లింది.

"గట్ల గాదు" అన్నాను. "ఉడుకు నీళ్లు పోయకుంటె పిండి కలుస్తదా?"

అది తల ఎత్తలేదు. ముప్పై అయిదేళ్లుగా ఇంటిల్లిపాదికీ రొట్టెలు చేసిన మనిషి. దాని రొట్టెల కోసం మా ఆయన పనిగట్టుకుని వాళ్లింటికి పోయేవాడు.

నేను ఏమీ అడగలేదు. లేచి, కాళ్లు తిమ్మిరెక్కితే గోడ పట్టుకుని నిలబడి, పొయ్యి మీద నీళ్లు పెట్టాను. పళ్లెం ఇటు జరపమన్నాను.